అమ్మానాన్నల మనసు సంగతి: ఫోన్‌లో కౌన్సెలింగ్ ఎలా పనిచేస్తుంది, ఎవరిని నమ్మాలి



ప్రతి నెలా ఈ పేజీలో పిల్లల చదువు గురించో, తిండి గురించో, సెల్‌ఫోన్ అలవాటు గురించో మాట్లాడుకుంటున్నాం. ఈసారి మీ గురించి మాట్లాడుకుందాం.

రాత్రి పదకొండు దాటింది. పిల్లలు నిద్రపోయారు. కరెంటు పోతే చెరువులో ఏరేటర్లు ఆగిపోతాయని ఒకరు గట్టు మీదే ఉన్నారు. ఇంట్లో ఉన్నవారు రేపటి డ్వాక్రా వాయిదా, అత్తయ్యగారి మందులు, స్కూల్ ఫీజు లెక్క వేసుకుంటూ మెలకువగా ఉన్నారు. పొద్దున్నే స్కూల్ బస్సు దగ్గర నవ్వుతూ చెయ్యి ఊపేది వీళ్లే. బంటుమిల్లి, కృత్తివెన్ను, పెడన చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. ఉద్యోగం కోసం ఒకరు హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉంటే, ఇంటి బరువంతా ఒక్కరి మీదే పడిన ఇళ్లూ ఉన్నాయి.

ఇది పెద్దల సొంత విషయం కదా, స్కూల్‌కు ఏం సంబంధం అని మీకు అనిపించవచ్చు. సంబంధం ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుకోవడం మానేస్తే ఆ సంగతి మొదట తెలిసేది పిల్లలకే. కారణం తెలియక, తప్పు తమదేనేమో అనుకుంటారు. క్లాసులో ఉన్నట్టుండి ముభావంగా మారిన పిల్లల వెనుక ఒక్కోసారి ఇంటి దిగులు ఉంటుంది.

మామూలు అలసటా, సాయం కావాల్సిన ఒత్తిడా?

రొయ్యల సాగు చేసేవారికి చెక్ ట్రే గురించి చెప్పనవసరం లేదు. రొయ్యలు నీటిపైకి తేలేదాకా ఎవరూ ఆగరు. మేత వేశాక ట్రే ఎత్తి చూస్తారు. మేత మిగిలిందంటే లోపల ఏదో తేడా ఉందని పసిగడతారు, ఆ పూటే నీళ్లు పరీక్ష చేయిస్తారు. మనసు విషయంలో మాత్రం మనం అంతా చేయి దాటేదాకా ఆగుతాం.

మనసుకూ ఇలాంటి గుర్తులు ఉన్నాయి. నిద్ర పట్టకపోవడం, లేదా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం. అన్నం సయించకపోవడం. ఇదివరకు ఇష్టపడిన పనుల మీద ఆసక్తి పోవడం. చిన్న మాటకే పిల్లల మీద అరిచి, తర్వాత బాధపడటం. కారణం దొరకని తలనొప్పి, ఒళ్లునొప్పులు, గుండెదడ. మందు తాగడం పెరగడం. ‘నేను లేకపోతే వీళ్లకే హాయి’ అనే ఆలోచన రావడం.

ఒకటి రెండు రోజులు ఇలా ఉంటే అలసట అనుకోవచ్చు. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ ఉంటే, ఇంటి పనికో బయటి పనికో అడ్డు వస్తుంటే, ఎవరితోనైనా మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టే. చివరగా చెప్పిన ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు కాదు, రెండు రోజులు కూడా ఆగకూడదు.

ఇన్నాళ్లూ ఎందుకు వెళ్లలేదు?

బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవారిలో 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని అందులో తేలింది. వారిలో ఎక్కువమందికి చికిత్సే అందలేదు. దేశంలో లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. ఉన్నవారిలో చాలామంది నగరాల్లోనే ఉంటారు.

మన వైపు నుంచి బందరో గుడివాడో వెళ్లి రావాలంటే ఒక పూట పోతుంది. విజయవాడ అయితే ఒక రోజు. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారు, చెరువు ఎవరు చూస్తారు అన్న ప్రశ్నలు ఉండనే ఉన్నాయి. దూరం కంటే పెద్ద అడ్డంకి మరొకటి ఉంది. ‘ఆ డాక్టర్ దగ్గర ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? రేపు పిల్ల పెళ్లి సంబంధాలకు అడ్డొస్తుందేమో’ అన్న భయం.

మన ప్రాంతం ఈ అలవాటుకు చాలా మూల్యం చెల్లించింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది చనిపోయారు. కుటుంబాలకు కుటుంబాలే కొట్టుకుపోయాయి. బతికినవారికి బియ్యం, బట్టలు, ఇళ్లు ఇవ్వడానికి ఎందరో ముందుకొచ్చారు. మనసుకు తగిలిన దెబ్బ గురించి అడిగే ఏర్పాటు మాత్రం అప్పటికి దేశంలోనే లేదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది 1982లో. జిల్లా స్థాయి కార్యక్రమం మొదలైంది 1996లో. ఆ తరం బాధను లోపలే దాచుకుని బతికింది. దాచుకోవడమే ధైర్యమని మనకూ నేర్పింది. వాళ్లకు వేరే దారి లేదు. మనకు ఉంది.

14416: ఉచితంగా, తెలుగులో

2022-23 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన టెలీ-మానస్ సేవ, ప్రపంచ మానసిక ఆరోగ్య దినమైన 2022 అక్టోబరు 10న మొదలైంది. దీనికి నిమ్హాన్స్ ప్రధాన సంస్థ. నంబరు 14416. అది కలవకపోతే 1800 891 4416. రెండూ ఉచితమే. రాత్రీ పగలూ, ఆదివారం, పండగ రోజూ పనిచేస్తాయి. మొత్తం 20 భాషల్లో సేవ ఉంది, వాటిలో తెలుగు ఒకటి. ఇప్పటికి దేశవ్యాప్తంగా 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి.

కాల్ కలవగానే భాష ఎంచుకోమంటుంది. ఆ తర్వాత శిక్షణ పొందిన కౌన్సెలర్ లైన్‌లోకి వస్తారు. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు, ఏం ఇబ్బంది, ఎన్నాళ్లుగా అని అడుగుతారు. మీరు చెప్పదలచుకోనిది చెప్పనవసరం లేదు. వినడం, ధైర్యం చెప్పడం, అప్పటికప్పుడు చేయగలిగింది సూచించడం మొదటి మెట్టు. సమస్య అంతకంటే పెద్దదైతే సైకియాట్రిస్టు వంటి నిపుణులకు కలుపుతారు. నేరుగా చూపించుకోవాల్సి ఉంటే దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లమని చెబుతారు. 2024 అక్టోబరులో టెలీ-మానస్ యాప్ కూడా వచ్చింది.

ఒక విషయం ముందే తెలుసుకుంటే నిరాశ ఉండదు. ఇది హెల్ప్‌లైన్. ప్రతి వారం అదే మనిషి, అదే సమయానికి మీతో మాట్లాడే ఏర్పాటు కాదు. మొదటి అడుగు వేయడానికి, కష్టమైన రాత్రి గట్టెక్కడానికి, ఎక్కడికి వెళ్లాలో తెలుసుకోవడానికి ఇది మంచి దారి. నెలల తరబడి నలుగుతున్న సమస్యకు ఒకే నిపుణుడితో వరసగా మాట్లాడాల్సి రావచ్చు.

డబ్బు కట్టి ఆన్‌లైన్ కౌన్సెలింగ్ తీసుకునేవారు చూడాల్సినవి

ఇంటర్నెట్‌లో వెతికితే వందల ప్రకటనలు కనిపిస్తాయి. అందరూ ‘థెరపిస్టు’ అనే రాసుకుంటారు. అసలు ఎవరు ఎవరో తెలియాలి.

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాయగలిగేది వీరే. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం డాక్టర్లు ఫోన్‌లో, వీడియోలో చూడవచ్చు. ప్రిస్క్రిప్షన్ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కొన్ని రకాల మందులను ఇలా చూసి రాయడానికి అనుమతి లేదు. అప్పుడు డాక్టర్ ‘ఒకసారి రండి’ అంటే అది జాగ్రత్త, నిర్లక్ష్యం కాదు.

క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. మాటల ద్వారా, పద్ధతి ప్రకారం చికిత్స చేస్తారు. వీరికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగడం మీ హక్కు.

కౌన్సెలర్లు సైకాలజీలోనో సోషల్ వర్క్‌లోనో పీజీ చేసి శిక్షణ పొందినవారై ఉండాలి. కుటుంబ తగాదాలు, బాధ్యతల ఒత్తిడి, ఆప్తులు పోయిన దుఃఖం వంటి వాటికి మంచి కౌన్సెలర్ చాలు. వారాంతపు ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్ ఒక్కటే చూపించేవారి దగ్గర ఆగి ఆలోచించండి.

‘మూడు సెషన్లలో గ్యారంటీ’ అనేవారిని నమ్మవద్దు. ఒక్కసారైనా మాట్లాడకముందే ఇరవై సెషన్ల ప్యాకేజీ కట్టమంటే వద్దనండి. ఓటీపీ, బ్యాంకు వివరాలు, వ్యక్తిగత ఫొటోలు అడిగితే వెంటనే ఫోన్ పెట్టేయండి. డాక్టర్ ఇస్తున్న మందులు మానేయమని డాక్టర్ కానివారు చెబితే వినవద్దు.

సెషన్‌లో ఏం జరుగుతుంది?

‘మాట్లాడితే అప్పు తీరుతుందా?’ అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తీరదు. ధర పడిపోయిన రొయ్యకు కౌన్సెలర్ రేటు పెంచలేరు. కానీ అప్పు ఉన్న మనిషి నిద్రపోగలిగితే, ఇంట్లో నిజం చెప్పగలిగితే, ఆ అప్పు గురించి సరిగా ఆలోచించగలుగుతాడు.

సాధారణంగా సెషన్ ముప్పావు గంట నుంచి గంట ఉంటుంది. వారానికోసారి. మొదటిసారి మీ ఇల్లు, పని, నిద్ర, ఆరోగ్యం, మందు అలవాటు, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉందా అని అడుగుతారు. తర్వాత ఇద్దరూ కలిసి ఒక లక్ష్యం పెట్టుకుంటారు. ‘సంతోషంగా ఉండాలి’ వంటి పెద్ద మాట కాదు. ‘రాత్రి పదకొండు తర్వాత లెక్కల పుస్తకం తీయను’, ‘వారంలో రెండు సాయంత్రాలు పిల్లలతో కూర్చుంటాను’ వంటిది.

ఎక్కువగా వాడే పద్ధతి సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. ఒక ఉదాహరణ చూడండి. లీజుకు తీసుకున్న చెరువులో తెల్లమచ్చల తెగులు వచ్చి పంట పోయింది. ‘ఇంటిల్లిపాదినీ నేనే ముంచాను’ అన్న ఆలోచన వదలడం లేదు. ఆ ఆలోచన వల్ల నలుగురిలోకి వెళ్లడం మానేశారు. వెళ్లకపోవడం వల్ల కొత్త లీజు సంగతులు, పాత బాకీల రాజీలు ఏవీ తెలియడం లేదు. దాంతో ఆలోచన ఇంకా బలపడుతోంది. కౌన్సెలర్ ఈ గొలుసును మీ చేతే కాగితం మీద రాయిస్తారు. ఆ తెగులు పక్క చెరువులకు కూడా వచ్చిందా? మీ చేతిలో ఉన్నదెంత, లేనిదెంత? ఇదే నష్టం మీ తమ్ముడికి వస్తే అతనితో ఏమంటారు? ఇలా అడుగుతూ ఒక్కో ముడి విప్పుతారు. ఆ వారానికి ఒక చిన్న పని ఇస్తారు. మానేసిన పొద్దుటి నడకో, తప్పించుకు తిరుగుతున్న ఒక మనిషితో మాట్లాడటమో.

కుంగుబాటు, ఆందోళనల విషయంలో ఈ పద్ధతి వీడియోలో చేసినా ఎదురుగా కూర్చుని చేసినదానికి దగ్గరగా ఫలితం ఇస్తుందని అనేక దేశాల పరిశోధనల్లో కనిపించింది. ఒకటి రెండు సెషన్లకే తేడా కనిపించకపోవచ్చు. నాలుగైదు సెషన్లయినా ఏ మార్పూ లేకపోతే ఆ మాట కౌన్సెలర్‌తోనే చెప్పండి. వేరే వారికి మారడం తప్పు కాదు. అందరికీ అందరితో కుదరదు.

ఇంట్లో ఏకాంతం ఎలా?

మన ఇళ్లలో అసలు చిక్కు ఇదే. ముందు గదిలో మావయ్యగారు, వంటింట్లో అత్తయ్యగారు, మధ్యలో పిల్లలు. తలుపు వేసుకుంటే ‘ఎవరితో మాట్లాడుతున్నావు?’ అన్న ప్రశ్న. కాబట్టి సమయం, చోటు ముందే చూసుకోండి. పిల్లలు స్కూల్‌లో ఉండే వేళ చాలామందికి కుదురుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే కనీసం అవతలి మాట బయటకు వినిపించదు. డాబా మీద, చెట్టు కింద, చెరువు గట్టు మీద షెడ్డులో కూర్చుని మాట్లాడినా ఫర్వాలేదు. బండి నడుపుతూ మాత్రం వద్దు. వీడియోకు సిగ్నల్ చాలకపోతే మామూలు ఫోన్ కాల్ అడగండి. ఎవరైనా హఠాత్తుగా గదిలోకి వస్తే ఏ మాట అంటే సంభాషణ మార్చాలో కౌన్సెలర్‌తో ముందే అనుకోండి.

ఫోన్ ఇంట్లో అందరూ వాడేదైతే చాట్‌లో వివరాలు రాయకుండా కాల్‌లోనే మాట్లాడటం మంచిది. సెషన్ రికార్డ్ చేస్తారా, వివరాలు ఎక్కడ దాస్తారు అని మొదటి రోజే అడగండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం–2017, 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉండటం మీ హక్కు. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు వంటి కొన్ని సందర్భాలు మాత్రమే దీనికి మినహాయింపు.

భర్తకో భార్యకో ఎలా చెప్పాలి?

‘నీకు పిచ్చి, డాక్టర్‌కు చూపించుకో’ అంటే ఎవరూ కదలరు. కనిపించినదే చెప్పండి. ‘ఏవండీ, నెల రోజులుగా మీరు సరిగా నిద్రపోవడం లేదు. అన్నం కూడా వదిలేస్తున్నారు. నాకు భయంగా ఉంది. ఒక్కసారి ఫోన్ చేసి మాట్లాడదాం, నేను పక్కనే కూర్చుంటాను.’ కాదంటే ఆ పూటకు వదిలేసి, రెండు రోజుల తర్వాత మళ్లీ అడగండి. వారు ఒప్పుకోకపోయినా 14416కు మీరు కాల్ చేయవచ్చు. ఇంట్లో మనిషికి ఎలా సాయం చేయాలో అడగవచ్చు.

ఫోన్ చాలని సందర్భాలు

కొన్నిసార్లు ఆన్‌లైన్ సరిపోదు. నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎవరికీ వినిపించని మాటలు వినిపిస్తున్నా, కారణం లేని అనుమానాలు పెరిగిపోతున్నా. ప్రసవమైన కొద్ది రోజులకే తల్లి ప్రవర్తన పూర్తిగా మారిపోయినా. రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా మానేసి చేతులు వణుకుతున్నా, తికమకగా మాట్లాడుతున్నా. ఇది ప్రాణం మీదకు రావచ్చు, మూర్ఛలు వస్తాయి. మానేయాలన్న నిర్ణయం మంచిదే, కానీ డాక్టర్ పర్యవేక్షణలో మానాలి. మందు అలవాటుకు సాయం కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14446.

ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే అది సర్దుకుపోవాల్సిన ‘ఒత్తిడి’ కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112.

ఎవరైనా చనిపోవాలని ఉందంటే తేలిగ్గా తీసుకోవద్దు. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన వస్తుందనే భయం అక్కర్లేదు. అడిగితే చాలామందికి బరువు దిగినట్టు ఉంటుంది. వారిని ఒంటరిగా వదలవద్దు. పొలం మందులు, చెరువు మందులు, ఇంట్లోని మాత్రలు తాళం వేసి పెట్టండి, లేదా ఇంట్లోంచి తీసేయండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ ప్రాణాలు కాపాడుతుంది. ఆ క్షణం దాటితే మనసు మారే అవకాశం చాలా ఎక్కువ. ఇప్పటికే ఏదైనా మింగి ఉంటే ఇంటి వైద్యం వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. కేసు అవుతుందని వెనకాడవద్దు. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ ప్రయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు.

పిల్లలకు ఏం చెప్పాలి?

అన్నీ చెప్పనవసరం లేదు. పూర్తిగా దాచనూ అక్కర్లేదు. ‘నాన్నకు పని గురించి కొంచెం దిగులుగా ఉంది. అది నీ వల్ల కాదు. నాన్న దాని గురించి ఒక మేడమ్‌తో మాట్లాడుతున్నారు’ అంటే చాలు. ‘నీ వల్ల కాదు’ అన్న ఆ ఒక్క మాట పిల్లలకు చాలా అవసరం. పైగా, బాధ కలిగినప్పుడు సాయం అడగవచ్చని వాళ్లు మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు. రేపు పదో తరగతిలోనో ఇంటర్‌లోనో వాళ్లకు అలాంటి రోజు వస్తే, మీ దగ్గరకు వచ్చి చెబుతారు.

మీ ఒత్తిడిలో స్కూల్ ఫీజు కూడా ఒక భాగమైతే, గడువు దాటేదాకా మనసులో పెట్టుకోకుండా ముందే వచ్చి విడిగా మాట్లాడండి. ఇంట్లో కష్టకాలం నడుస్తోందని క్లాస్ టీచర్‌కు ఒక్క మాట చెప్పినా చాలు, కారణాలు చెప్పనవసరం లేదు. పిల్లల మీద కాస్త ఎక్కువ కన్నేసి ఉంచడానికి ఆ మాట ఉపయోగపడుతుంది.

ఈ ఆదివారం రెండు పనులు చేయండి. ఇంట్లో అందరి ఫోన్లలో 14416 సేవ్ చేయండి. తర్వాత ఇద్దరూ పది నిమిషాలు కూర్చుని, ‘ఈ మధ్య నిద్ర ఎలా పడుతోంది?’ అని ఒకరినొకరు అడగండి. జవాబు ‘బాగానే’ అని వచ్చినా, కాసేపాగి ఇంకోసారి అడగండి.